రేసు దిగని ఎస్టీమ్

షెడ్డు ముందు బండి ఆగింది గానీ ఇంజను ఆగలేదు. గేరు న్యూట్రల్‌లో ఉంది. హ్యాండ్‌బ్రేకు పైకి లాగి ఉంది. కుర్రాడు కాలు పెడల్ మీద నుంచి తీసి, చేతులు రెండూ పైకెత్తి చూపిస్తున్నాడు. అయినా ఇంజను 3000 ఆర్‌పీఎం దగ్గర అరుస్తూనే ఉంది. అవతలి టీ బంకు దగ్గర నిలబడ్డవాళ్లు గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు. కుర్రాడు ఏదో చెబుతున్నాడు, ఆ మోతలో మీకు ఒక్క మాటా వినపడదు. చివరికి తాళం తిప్పాడు.

"చూసినారా భాయ్? రేసు దిగడం లేదు."

ఆదోనిలో పత్తి దిగుబడి జోరుగా ఉన్న రోజులివి. షెడ్డు ముందు నుంచి మార్కెట్ యార్డు వైపు ట్రాక్టర్లు, బొలేరోలు వరసగా పోతున్నాయి. తాళ్లతో కట్టిన బోరాల సందుల్లోంచి దూది ఊడి గాలిలోకి లేస్తోంది. రోడ్డు పక్క తుమ్మకంపలన్నీ తెల్లగా ఉన్నాయి. కాసేపు ఇక్కడ నిలబడితే మీ చొక్కా భుజాల మీదా రెండు పోగులు వాలతాయి. ఈ ఊళ్లో జిన్నింగు మిల్లులున్న వీధుల్లో ఏ బండి ఎయిర్ ఫిల్టరు విప్పినా మడతల మధ్య దూది కనబడుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

బండి మారుతి ఎస్టీమ్. 1298 సీసీ, నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు. 1999లో ఎంపీఎఫ్ఐ వచ్చాక కంపెనీ లెక్క ప్రకారం 85 హార్స్‌పవర్. బరువు తక్కువ, ఇంజను చురుకు. అందుకే మన దేశంలో ర్యాలీలవాళ్లు, ట్రాకు పిచ్చి ఉన్నవాళ్లు చాలా ఏళ్లు ఈ బండి వెంటపడ్డారు. ఈ కుర్రాడిది పత్తి కమీషన్ వ్యాపారం చేసే ఇల్లు. పాత బండి కొని, పెద్ద ఊళ్లో ఒక గ్యారేజీకి తీసుకెళ్లి హెడ్డు పోర్టింగు చేయించాడు, హెడర్ పెట్టించాడు. కంపెనీ ఎయిర్ బాక్సు పీకేసి, దాని చోట గుడ్డ పొరల శంకు ఫిల్టరు తగిలించాడు. థ్రాటిల్ బాడీని 52 మిల్లీమీటర్లకు బోరింగు చేయించాడు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాకు మీద ఒక్కసారైనా తిప్పాలన్నది వాడి కోరిక.

భాయ్ బానెట్ ఎత్తాడు. గడ్డం పూర్తిగా నెరిసిన మెకానిక్. డీజిల్ జీపులతో మొదలుపెట్టి, ఇప్పుడు సెన్సర్ల బండ్లదాకా అన్నీ ఈ రేకుల కింద చూసినవాడు. పానా ఏదీ ముట్టుకోలేదు. ముందు అడగడం మొదలుపెట్టాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"దసరా నుంచి. ఒగసారి పట్టుకుంటాది, ఒగసారి పట్టుకోదు."

"ఏమేం మార్చినారు?"

"కేబుల్ కొత్తది ఏసినారు. కాలి కింద మ్యాట్ తీసేసినారు. థ్రాటిల్ బాడీ విప్పి స్ప్రే కొట్టి కడిగినారు. వారం బాగుంటాది, మళ్లా అదే కత."

"విప్పినప్పుడు చేత్తో తిప్పి చూసినావా?"

"చూసినా భాయ్. వెన్నలా తిరుగుతాంది."

భాయ్ ఇప్పుడు తనే వేలితో థ్రాటిల్ లివర్ తిప్పాడు. తెరుచుకుంది. వదిలాడు. టక్కున మూసుకుంది. మళ్లీ తిప్పాడు, మళ్లీ వదిలాడు. సగందాకా తెరిచి నెమ్మదిగా వదిలాడు. ప్రతిసారీ టక్. మీకైతే ఇది మంచి కబురులా అనిపిస్తుంది. భాయ్ ముఖంలో మాత్రం అది నచ్చినట్టు లేదు. ఇప్పుడే కళ్లముందు 3000 దగ్గర అరిచిన ఇంజను, ఆపగానే ఏమీ ఎరగనట్టు ఉంది. బండి ఆపితే మాయమయ్యే రోగాన్ని బండి ఆపి వెతికితే దొరకదు. ఇంతకుముందు చూసినవాళ్లందరూ బండి ఆపే చూశారు.

"నడిచేటప్పుడు చూడాల" అన్నాడు.

మల్టీమీటరు తీశాడు. థ్రాటిల్ షాఫ్టు చివర ఒక చిన్న సెన్సరు ఉంటుంది. బిళ్ల ఎంత తెరుచుకుందో ఓల్టుల్లో కంప్యూటరుకు చెప్పడం దాని పని. పూర్తిగా మూసుకుంటే సుమారు అర ఓల్టు, పూర్తిగా తెరుచుకుంటే నాలుగు ఓల్టుల దాకా. ఆ సెన్సరు వైరుకు సన్నటి పిన్ను గుచ్చి, రెండు పొడుగు వైర్లు కలిపి, కిటికీలోంచి లోపలికి లాగి మీటరు మీ చేతికిచ్చాడు. ఇప్పుడు మీ కాళ్ల మధ్య మీటరు ఉంది. బిళ్ల ఎక్కడుందో బానెట్ ఎత్తకుండానే మీకు తెలుస్తుంది.

ఎమ్మిగనూరు రోడ్డు మీద ఊరు దాటాక, ప్లాట్లు వేసి తారు పోసి వదిలేసిన ఒక వెంచర్ ఉంది. రాళ్లు పాతారు, పేరు రాసిన కమాను కట్టారు, ఇల్లు మాత్రం ఒక్కటీ లేవలేదు. మెయిన్ రోడ్డు మీద ఈ పరీక్ష చెయ్యనన్నాడు భాయ్. ఆ రోడ్డు మీద పత్తి ట్రాక్టర్లుంటాయి, గొర్రెల మందలుంటాయి, మంత్రాలయానికి నడిచిపోయే భక్తులుంటారు. కమాను దాటగానే కుర్రాడిని పక్కకు దింపి తనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. కుర్రాడు వెనక సీట్లోకి వెళ్లాడు. బయల్దేరే ముందు భాయ్ మెల్లగా, పాఠంలా చెప్పాడు.

"పట్టుకుంటే ఏం చెయ్యాల? ముందు క్లచ్చి. తర్వాత న్యూట్రల్. ఇంజను అరుస్తాది, అరవనీ. బ్రేకు ఒగటే తొక్కుడు, గట్టిగా. పంపు కొట్టినట్టు మళ్లా మళ్లా తొక్కొద్దు. బండి నిలబడినాక తాళం. నడిచేటప్పుడు తాళం పూర్తిగా ఎనక్కి తిప్పితే స్టీరింగు లాకు పడతాది, చచ్చిపోతావు."

బ్రేకు గురించి ఆయన చెప్పినదాంట్లో ఒక్కో మాటకూ కారణం ఉంది. పెట్రోలు బండిలో బ్రేకుకు సాయం చేసే బూస్టరు ఇంజను పీల్పుతోనే పనిచేస్తుంది. థ్రాటిల్ బాగా తెరుచుకుని ఉంటే మేనిఫోల్డులో పీల్పు ఉండదు. బూస్టరులో మిగిలిన నిల్వ ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది. భయంతో నాలుగైదు సార్లు తొక్కినవాడికి ఐదోసారి పెడల్ రాయిలా తగులుతుంది. రేసు ఇరుక్కున్న బండిలో ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. ఈ నాలుగు ముక్కలు డ్రైవింగ్ నేర్పే ప్రతి స్కూల్లోనూ మొదటి రోజే చెప్పాలి. లైసెన్సు చేతికొచ్చినా ఇవి ఒక్కసారీ వినని డ్రైవర్లు మన చుట్టూ ఎంతోమంది ఉన్నారు.

రెండో గేరు. మీ వీపు సీటుకు అతుక్కుంది. శంకు ఫిల్టరు గాలి మింగే చప్పుడు డాష్‌బోర్డు వెనక నుంచి బొంగురుగా వస్తోంది. 3000, 4000, 5000. మీటరు మీద 3.9. భాయ్ కాలు ఒక్కసారిగా తీశాడు. 0.5. ఆర్‌పీఎం పడిపోయింది. ఏమీ కాలేదు. మళ్లీ లాగాడు. మళ్లీ వదిలాడు. 0.5. వెంచర్ చివర తిరిగి వచ్చాడు. ఇంజను వేడెక్కింది. హెడర్ నుంచి కాలిన ఇనుము వాసన లోపలికి వస్తోంది. ఇంకోసారి 5500 దాకా తీసుకెళ్లి వదిలాడు.

0.9.

అంకె అక్కడే నిలిచిపోయింది. ఆర్‌పీఎం ముల్లు 5000 నుంచి దిగుతూ వచ్చి, 3200 దగ్గర ఆగింది. క్లచ్చి పడింది, గేరు న్యూట్రల్‌కు వచ్చింది, బ్రేకు ఒకే తొక్కుడుకు బండి నిలబడింది. ఇంజను మాత్రం అరుస్తోంది. భాయ్ తాళం ముట్టలేదు. "కిందికి చూడు" అన్నాడు మీతో. వంగి పెడల్ చూడండి. పెడల్ పూర్తిగా పైకొచ్చేసింది. వేలు పెట్టి తోస్తే మొదట కాస్త దూరం వదులుగా, బరువు లేకుండా కదులుతోంది. అంటే కాలు చేసే పని కాలు చేసింది, పెడల్ స్ప్రింగు దాని పని అది చేసింది, కేబుల్ వదులైంది. పట్టుకున్నది కేబుల్ కాదు. కేబుల్‌కు అవతల ఉన్నది ఏదో పట్టుకుంది. కొత్త కేబుల్‌కు పెట్టిన డబ్బు అలా వృథా అయిందని తేలిపోయింది.

ఇప్పుడు తాళం తిప్పాడు. ఇంజను చచ్చింది. ఆ నిశ్శబ్దంలో, ఒక క్షణం తర్వాత, బానెట్ కింద నుంచి ఒక చప్పుడు.

టక్.

తాళం మళ్లీ ఆన్ చేసి, స్టార్ట్ చెయ్యకుండా మీటరు చూడమన్నాడు. 0.5. బిళ్ల తనంతట తానే మూసుకుంది.

"దొరికింది" అన్నాడు భాయ్. "గాలి పట్టుకుంటాంది దాన్ని."

బానెట్ ఎత్తి, వేడి ఇంజను మీద వంగి ఆయన చెప్పినదాన్ని లెక్కలోకి మార్చుకుంటే ఇలా ఉంటుంది. థ్రాటిల్ అంటే గొట్టంలో అడ్డంగా తిరిగే ఒక గుండ్రటి బిళ్ల. మధ్యలో షాఫ్టు. 52 మిల్లీమీటర్ల బిళ్ల వైశాల్యం సుమారు 21 చదరపు సెంటీమీటర్లు. ఇంజను ఎక్కువ వేగంతో తిరుగుతుండగా కాలు తీస్తే, లోపల పిస్టన్లు గాలి కోసం లాగుతూనే ఉంటాయి, దారి మాత్రం మూసుకుపోయి ఉంటుంది. అప్పుడు బిళ్లకు ఇటూ అటూ ఉన్న గాలి ఒత్తిడిలో తేడా చదరపు సెంటీమీటరుకు 0.7 కిలో దాకా వెళ్తుంది. 21ని 0.7తో గుణించండి. దగ్గర దగ్గర పదిహేను కిలోల బరువు ఆ పల్చటి బిళ్ల మీద, దాన్ని మోసే షాఫ్టు మీద పడుతుంది. ఈ బరువు బిళ్లను తెరవదు, మూయదు, ఎందుకంటే షాఫ్టుకు రెండు వైపులా సమానంగా పడుతుంది. కానీ షాఫ్టును మొత్తంగా ఇంజను వైపు నెడుతుంది. షాఫ్టు తిరిగే రంధ్రాలు బిగువుగా ఉంటే ఏమీ కాదు. అరిగి ఉంటే షాఫ్టు వెంట్రుకవాసి జరుగుతుంది. బిళ్ల అంచు బోరుకు తగులుతుంది. వానాకాలం తలుపు గడపకు పట్టేసినట్టు పట్టేస్తుంది. ఇంజను ఆపితే పీల్పు పోతుంది, పదిహేను కిలోలు పోతాయి, షాఫ్టు తన చోటికి వస్తుంది, స్ప్రింగు లాగుతుంది. టక్.

షెడ్డుకు వచ్చాక శంకు ఫిల్టరు విప్పితే మిగతా కథ బయటపడింది. ఫిల్టరు బయటి వైపు దూది, నల్లరేగడి దుమ్ము కలిసి బూరుగా పేరుకుంది. ఫిల్టరుకు పూసిన నూనె చాలాకాలం కిందటే ఎండిపోయింది. ఆ నూనె తడిగా ఉన్నప్పుడే ఆ గుడ్డ పొరలు సన్న దుమ్మును పట్టుకుంటాయి. ఎండితే వడకట్టలేవు. పొరల్లోంచి దాటిన సన్న పోగులు, ఇంజను బ్రీదర్ గొట్టం నుంచి వచ్చే నూనె ఆవిరి, రెండూ థ్రాటిల్ బోరులో కలుస్తాయి. కలిసి ఏమవుతాయో భాయ్ చూపుడు వేలి చివర చూపించాడు. నల్లగా, జిగటగా, లాగితే సన్న తీగలా సాగే పదార్థం. కంపెనీవాళ్లు పెట్టిన ఎయిర్ బాక్సు అందంగా ఉండదు, చప్పుడూ చెయ్యదు. కానీ అది చల్లటి చోటు నుంచి గాలి తీసుకుంటుంది, దుమ్మును బయటే ఆపుతుంది. పత్తి ఊళ్లో దాన్ని పీకేయడం మంచిపని కాదు.

అయితే జిగురు ఒక్కటే దోషి అయితే, కడిగినప్పుడే బాగుపడాలి కదా. వారం తర్వాత మళ్లీ ఎందుకు వచ్చింది?

భాయ్ థ్రాటిల్ బాడీని విప్పి, పెట్రోలులో కడిగి, వేస్టు గుడ్డతో తుడిచి, ట్యూబ్‌లైటు వైపు ఎత్తి పట్టుకుని మిమ్మల్ని పిలిచాడు. బిళ్ల మూసి ఉంది. దాని అంచు చుట్టూ వెలుతురు రావాలి, వస్తే అంతటా ఒకేలా, దారంలా సన్నగా రావాలి. ఇక్కడ ఒక వైపు నెలవంకలా మందంగా వెలుగు ఉంది, ఎదుటి వైపు చీకటి. బిళ్ల మధ్యలో కూర్చోలేదు, ఒక పక్కకు ఒరిగి ఉంది. చీకటి ఉన్న వైపే బోరు లోపల గోరుతో తాకి చూడండి. చిన్న మెట్టు తగులుతుంది. బిళ్ల అంచు రోజూ గీరి గీరి అల్యూమినియంలో కోసిన మెట్టు.

బిళ్ల అంచు కూడా చూడమన్నాడు. తిన్నగా, చదరంగా కోసి ఉంది. కంపెనీ బిళ్ల అలా ఉండదు. మూసుకున్నప్పుడు బిళ్ల గొట్టానికి సరిగ్గా అడ్డంగా నిలబడదు, కొన్ని డిగ్రీలు వాలి ఉంటుంది. అందుకని దాన్ని కచ్చితమైన వృత్తంగా కాకుండా కొంచెం కోలగా చేస్తారు, అంచును ఏటవాలుగా చెక్కుతారు. బోరింగు చేసినవాళ్లు పెద్ద బోరుకు పెద్ద బిళ్ల కావాలని గుండ్రంగా కోసి పెట్టేశారు.

ఇక ఆఖరిది. నాకు ఎక్కువ కోపం తెప్పించిందీ ఇదే. లివర్ దగ్గర ఒక చిన్న స్టాపర్ స్క్రూ ఉంటుంది. బిళ్ల బోరును తాకే ముందే లివర్ దీనికి తగిలి ఆగిపోవాలి. బిళ్ల బరువును ఎప్పుడూ స్క్రూ మోయాలి, బోరు మోయకూడదు. కంపెనీలో దాన్ని సరిచేసి రంగు చుక్క పెట్టి వదులుతారు, ముట్టుకోవద్దని. ఈ బండిలో ఆ రంగు చుక్క చిట్లిపోయి ఉంది. స్క్రూ వెనక్కి తిప్పేసి ఉంది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. బిళ్ల ఒరిగి ఉండటంతో ఒక పక్క నుంచి గాలి కారింది, ఐడిలింగ్ పెరిగింది, కారణం వెతకకుండా స్క్రూ తిప్పి ఐడిలింగ్ దించేశారు. ఆ రోజు నుంచి కాలు తీసిన ప్రతిసారీ బిళ్ల నేరుగా బోరును కొడుతోంది, మెట్టు కోస్తోంది, షాఫ్టు రంధ్రాలను అరగదీస్తోంది. కడిగితే జిగురు పోయి వారం నడుస్తుంది. మెట్టు మాత్రం అక్కడే ఉంటుంది.

థ్రాటిల్ బాగా తెరుచుకోవడానికి ఈ కుర్రాడు ఎన్ని మార్పులు చేయించాడో మీరు చూశారు. మూసుకోవడానికి ఒక్క రూపాయీ పెట్టలేదు. వాడొక్కడే కాదు. పికప్ గురించి మాట్లాడే వందమందిలో రిటర్న్ స్ప్రింగు గురించి అడిగేవాడు ఒక్కడూ నాకు తగల్లేదు.

మరుసటి రోజు థ్రాటిల్ బాడీని గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కారు. కిటికీ పక్క సీటు మీది. నల్లరేగడి చేలల్లో కూలీలు వంగి పత్తి ఏరుతున్నారు. కోటేకల్ దగ్గర గుట్టలు, రాళ్ల మీద రాళ్లు పేర్చినట్టు, రోడ్డు మీదికి వచ్చినట్టే ఉంటాయి. బస్సు దిగేసరికి దుమ్ము మీ పళ్ల మధ్య కరకరలాడుతోంది.

ఎమ్మిగనూరుకే ఎందుకంటే, అక్కడ భాయ్‌కి నమ్మకమైన లేత్ ఉంది. ఇది మగ్గాల ఊరు. మాచాని సోమప్ప పూనికతో 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘం పుట్టింది. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. మగ్గం ఉన్న చోట అరిగే బుష్షులు, వదులయ్యే షాఫ్టులు, పట్టు తప్పే స్ప్రింగులు ఉంటాయి, వాటిని మళ్లీ చేసిచ్చే చేతులూ ఉంటాయి. షెడ్డు చిన్నది. లేత్ పాతది. కటింగ్ ఆయిల్ వాసన, నేల మీద చుట్టలు చుట్టుకున్న ఇనుప పొట్టు. పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీది నుంచి కిందికి దించాడు.

"ఏం భాయ్, ఏం తెచ్చినావు?"

"ఊపిరితిత్తి తెచ్చినా అన్నా. శ్వాస వదలడం లేదు."

పెద్దాయన షాఫ్టును రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఆడించాడు. మీ కంటికి కదలలేదు. ఆయన వేలికి కదిలింది. "అరిగిపోయింది" అని పక్కన పెట్టి, షాఫ్టు లాగేసి, రెండు రంధ్రాలనూ పెద్దవి చేసి గన్‌మెటల్ బుష్షులు దించడానికి కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాడు. రెండు బుష్షులూ ఒకే గీత మీద ఉండాలి, లేకపోతే కొత్త షాఫ్టు మొదటి రోజే పట్టేస్తుంది. అందుకని ముందు ఒక వైపు, తర్వాత ఇంకో వైపు చెయ్యకుండా, ఒకే బిగింపులో రెండూ దాటేలా రీమర్ పెట్టాడు. బిళ్ల కొత్తది ఇత్తడితో. దాని కోసం ఒక కడ్డీకి చివర వాలు కోసి, ఆ వాలు మీద ఇత్తడి రేకును బిగించి తిప్పాడు. అలా తిప్పితే బిళ్ల కోలతనమూ అంచు వాలూ ఒకేసారి, కావలసిన కోణంలో వచ్చేస్తాయి. ఇంత తెలివైన పని కాగితం మీద ఒక్క గీత లేకుండా జరగడం మీరు దగ్గరగా నిలబడి చూస్తున్నారు.

పొట్టు రాలుతుండగా ఇంకో దేశపు సంగతి చెప్పాలి. 2000 మే 12న అమెరికాలోని న్యూహాంప్‌షైర్ ట్రాకు మీద ప్రాక్టీసు చేస్తూ ఆడమ్ పెటీ అనే పంతొమ్మిదేళ్ల డ్రైవరు గోడను ఢీకొని చనిపోయాడు. పేరుపొందిన రేసింగ్ కుటుంబంలో నాలుగో తరం పిల్లవాడు. రెండు నెలలు తిరక్కుండా, జూలై 7న, అదే ట్రాకులో అదే మలుపు దగ్గర కెనీ ఇర్విన్ అనే మరో డ్రైవరు పోయాడు. రెండు ప్రమాదాల్లోనూ అనుమానం ఇరుక్కున్న థ్రాటిల్ మీదికే వెళ్లింది. ఆ తర్వాత ఆ రేసులు నడిపే నాస్‌కార్ సంస్థ స్టీరింగు మీద వేలికందే చోట ఇంజను ఆపే స్విచ్చి ఉండాలని నియమం పెట్టింది. ప్రపంచంలో అంత డబ్బు, అంతమంది ఇంజనీర్లు ఉన్న ఆటలోనే ఇది జరిగింది.

మామూలు రోడ్డు మీద కూడా జరిగింది. 2009 ఆగస్టు 28న కాలిఫోర్నియాలో శాన్‌డియాగో దగ్గర ఒక లెక్సస్ కారులో పెడల్ కాలి కింద మ్యాట్‌లో ఇరుక్కుని నలుగురు పోయారు. తర్వాతి కొన్ని నెలల్లో టయోటా లక్షల బండ్లను వెనక్కి పిలిచింది, కొన్ని మ్యాట్ల కోసం, కొన్ని నెమ్మదిగా తిరిగొచ్చే పెడళ్ల కోసం. 2014లో అమెరికా ప్రభుత్వంతో కేసు ముగించుకోవడానికి 120 కోట్ల డాలర్లు కట్టింది. ఇంకా ముందే, 1970లలోనే, ఆ దేశం ఒక నియమం రాసుకుంది: కాలు తీస్తే థ్రాటిల్ తిరిగి ఐడిలింగ్‌కు రావాలి, మామూలు కారులో ఒక్క సెకనులో రావాలి, దాన్ని వెనక్కి లాగే బలాలు కనీసం రెండు ఉండాలి, ఒకటి తెగినా రెండోది లాగాలి. రెండు స్ప్రింగులు. ఒక్క సెకను. ఈ ఎస్టీమ్ మీద బోరింగు చేసినవాళ్లు పాత లివర్ తీసి కొత్తది పెట్టినప్పుడు రెండో స్ప్రింగుకు తగిలించే చోటే లేకుండా చేశారు.

మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చి రోడ్డు మీద తిప్పకూడదంటుంది. దాన్ని సైలెన్సరు చప్పుడు కోసం, అద్దాల నలుపు కోసం మాత్రమే గుర్తుచేస్తే చాలదు. ట్రాకు మీద తిప్పే బండి ట్రాకుకు ట్రాలీ మీద పోవాలి. కుర్రాడితో ఈ మాట భాయ్ అప్పటికే అన్నాడు, నేనూ అన్నాను. పత్తి యార్డు గేటు దగ్గర బోరాల మీద కూర్చుని దోసకాయ తినే ముసలమ్మకు, ఈ బండి బిళ్ల మూసుకుంటుందో లేదో తెలిసే దారి లేదు.

తిరిగి ఆదోని షెడ్డు. బిళ్లను షాఫ్టు మీద పెట్టి రెండు చిన్న స్క్రూలు వదులుగా ఎక్కించారు. స్టాపర్ స్క్రూ పూర్తిగా వెనక్కి. లివర్ తెరిచి వదిలి, తెరిచి వదిలి, బిళ్లను తన చోటు తానే వెతుక్కోనిచ్చారు. ట్యూబ్‌లైటుకు ఎత్తారు. సన్నటి వెలుగు గీత, చుట్టూ ఒకేలా. అలాగే పట్టుకుని స్క్రూలు బిగించారు. స్క్రూ మరలకు థ్రెడ్ లాక్ రాసి, వెనక వైపు పొడుచుకొచ్చిన కొసలను సుత్తితో మెత్తగా కొట్టి రివిట్ చేశారు. ఇక్కడ తొందరపడటానికి వీల్లేదు. ఈ స్క్రూ ఊడితే అది నేరుగా వాల్వు మీదికే పోతుంది. ఆ తర్వాత స్టాపర్ స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ, బిళ్ల అంచుకూ బోరుకూ మధ్య పల్చటి ఫీలర్ గేజి ఆడేదాకా తెచ్చి ఆపారు. లాక్ నట్ బిగించి రంగు చుక్క పెట్టారు. కుర్రాడు ఆ చుక్క వైపు చాలాసేపు చూశాడు.

బాడీని మేనిఫోల్డు మీద బిగించేటప్పుడు భాయ్ ఒక్కో బోల్టుకూ ఆగి లివర్ తిప్పి చూస్తున్నాడు. బోరింగు చేశాక గోడ పల్చబడింది. ఒక బోల్టు మితిమీరి బిగిస్తే గుండ్రటి బోరు కోలగా నలుగుతుంది, చేతిలో బాగా తిరిగినది బండి మీద పట్టేస్తుంది. ఎదురెదురు బోల్టులు, కొంచెం కొంచెంగా. ప్రతి మలుపు తర్వాత టక్. లివరుకు చిల్లు పెట్టి రెండో స్ప్రింగు తగిలించారు. ఒకటి విప్పి చూశారు, రెండోది ఒక్కటే లాగింది. మొదటిది పెట్టి, రెండోది విప్పి చూశారు. అదీ ఒక్కటే లాగింది. బ్రీదర్ గొట్టానికి నూనె పట్టుకునే డబ్బా పెట్టారు. పాత బజారులో దొరికిన కంపెనీ ఎయిర్ బాక్సు కడిగి, కొత్త కాగితం ఫిల్టరు వేసి దించారు. పవర్ తగ్గుతుందేమోనని కుర్రాడు అడిగాడు. చప్పుడు తగ్గుతాది, పవర్ సంగతి ట్రాకులో స్టాప్‌వాచ్‌తో చూసుకో అన్నాడు భాయ్.

వెంచర్‌లో మళ్లీ మీ చేతిలో మీటరు. ఇంజను బాగా వేడెక్కేదాకా తిప్పారు. 5500 నుంచి ఒక్కసారిగా వదిలాడు. 0.5. మెల్లగా వదిలాడు. 0.5. సగం తొక్కి వదిలాడు, ఎత్తు ఎక్కుతూ వదిలాడు, వంపులో వదిలాడు. మీరు అంకె చదవడం, ఆయన తల ఊపడం. పత్తి మిల్లు పక్క సందులో నుంచి రెండు మూడు సార్లు పోయి వచ్చి మళ్లీ చూశారు. ముల్లు ప్రతిసారీ సెకను లోపలే దిగింది.

కుర్రాడు డబ్బు తీశాడు. భాయ్ తీసుకుని, మళ్లీ డ్రైవరు సీటు తలుపు తెరిచాడు.

"ఇంకా అయిపోలేదు. కూర్చో. బెల్టు బిగించుకో, ట్రాకులో ఎట్ల బిగిస్తావో అంత బిగువుగా. ఇప్పుడు కుడి చెయ్యి స్టీరింగు మీదే ఉంచి ఎడమ చెయ్యి చాచు. ఎంత దూరం అందుతాదో చూపించు."

కుర్రాడు చాచాడు. బెల్టు లాగి పట్టుకుంది. రేడియో దాకా వేలు పోలేదు, గేరు రాడ్ ముందున్న ప్లాస్టిక్ దాకా మాత్రం అందింది. భాయ్ అక్కడ సుద్దముక్కతో అడ్డగీత గీశాడు.

"కిల్ స్విచ్చి ఇక్కడ. ఎర్రది తీసుకురా, గుడ్డిగా తడిమినా తెలియాల. వైరింగు రేపు చేస్తా."